వానలో పాత కార్ల పందెం... గుర్తొచ్చింది మా హెరాల్డు!

సినిమాలో వాన కురిస్తే మనకి తెలుసు - ఫైరింజను గొట్టం ఎక్కడో పక్కనే ఉంటుంది. వెనక నుంచి లైటు కొడితే తప్ప చినుకు కెమెరాకి కనపడదు. హీరోయిన్ తడుస్తుంది, హీరోగారు పాట అందుకుంటారు, డైరెక్టరు ‘కట్’ అనగానే వాన ఠక్కున ఆగిపోతుంది. కాని నేను చెప్పబోయే వానకి ‘కట్’ చెప్పే నాథుడు లేడు. శనివారం పొద్దున మొదలై ఆదివారం సాయంత్రం దాకా కురిసింది. ఆ వానలో, తాతల వయసున్న కార్లలో, నిజంగానే తాతలైన డ్రైవర్లు పందేలు తోలుతుంటే గొడుగు మర్చిపోయి చూశాను!

ఊరు పిట్స్‌బర్గ్. దేశం అమెరికా. చూసింది చీమకుర్తి వాడు.

చీమకుర్తి వాడికి పిట్స్‌బర్గ్‌లో ఏం పని అంటారా? కొన్నేళ్ల కిందట జులై నెలలో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది పెన్‌హిల్స్ కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి. 1976లో పని మొదలుపెట్టి కట్టిన ఆ గుడి అమెరికాలో మన పద్ధతిలో కట్టిన మొదటి గుళ్లలో ఒకటి. ఎక్కడెక్కడి తెలుగువాళ్లూ కార్లేసుకుని వచ్చి, దణ్ణం పెట్టుకుని, కింద క్యాంటీన్‌లో పులిహోర తిని పోతుంటారు. మా బావ కూడా ఆ శనివారం గుడి ప్రోగ్రామే వేశాడు. నేనే అడ్డం పడ్డాను.

“బావా, గుడికి రేపు పోదాం. ఇవాళ షెన్లీ పార్కులో పాత కార్ల రేసుందట. అక్కడికి తీసుకుపోండి.”

“ఏరా బావమరిదీ, ఇంత వానలో పాత కార్లు చూడ్డానికి అమెరికా దాకా రావాలా? ఒంగోలు బస్టాండు పక్క మెకానిక్ షెడ్డుకి పోతే బోలెడు కనపడతాయి గదా!” అన్నాడు బావ.

నవ్వాను గాని, ఆ మాట నాకెక్కడో గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో తర్వాత చెబుతాను.

టిక్కెట్టు లేని సినిమా

1983లో మొదలైన ఈ ఉత్సవం పేరు పిట్స్‌బర్గ్ వింటేజ్ గ్రాండ్ ప్రి. దీని గొప్ప ఏమిటంటే - పందెం జరిగేది గోడలు కట్టిన ట్రాకు మీద కాదు. ఊరి నడిబొడ్డున ఉన్న పార్కు రోడ్ల మీద! మామూలు రోజుల్లో జనం కుక్కల్ని తిప్పుకునే రోడ్లు అవి. ఆ రెండు రోజులూ వాటిని మూసేసి, మలుపుల దగ్గర గడ్డిమోపులు పేర్చి, కార్లని వదిలారు. చుట్టు 2.33 మైళ్లు. అంటే మూడు ముప్పావు కిలోమీటర్లు. అందులో ఇరవైకి పైగా మలుపులు! పక్కనే రాతిగోడలు, కరెంటు స్తంభాలు, చెట్లు, రోడ్డు మధ్యలో మ్యాన్‌హోల్ మూతలు. సర్పెంటైన్ డ్రైవ్ అని ఒక రోడ్డుంది. పేరుకి తగ్గట్టే పాములా మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది.

చూసేవాళ్లకి టిక్కెట్టు లేదు. పని చేసేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. విరాళాలుగా వచ్చిన డబ్బు ఆటిజం ఉన్న పిల్లలకీ, ఎదుగుదలలో ఇబ్బందులున్న వాళ్లకీ పోతుంది. ఇన్నేళ్లలో అలా లక్షల డాలర్లు పోగుచేసి ఇచ్చారు.

మేం వెళ్లేసరికి గోల్ఫు మైదానమంతా కార్లే. పందెంలో లేని పాత కార్లని వాళ్ల వాళ్లు తుడిచి మెరిపించి ప్రదర్శనకి పెట్టుకున్నారు. వాన పడుతుంటే పాపం కొందరు సొంత కోటు విప్పి కారు సీటు మీద కప్పారు. తాము తడిసినా ఫర్వాలేదు, సీటు తడవకూడదు! మా బావ అది చూసి “మీ అక్క నన్నెప్పుడన్నా ఇట్టా చూసుకుందా?” అని నిట్టూర్చాడు.

ముక్కుకి తగిలిన ఆముదం!

పందెం కార్లు నిలిపే చోటుకి వెళ్లామో లేదో, నా ముక్కుకి ఒక వాసన తగిలింది. పెట్రోలు కాదు, డీజిలు కాదు. తీయగా, ఘాటుగా, చిన్నప్పుడు మా అమ్మ పట్టుకుని బలవంతాన పట్టించిన మందు వాసన.

ఆముదం!

ఇది కల్పన కాదండోయ్. పాతకాలపు పందెం ఇంజన్లకి ఆముదం కలిసిన నూనె వాడేవాళ్లు. ఎంత వేడెక్కినా ఆముదం పొర అంత త్వరగా తెగదు కాబట్టి ఇనుముని ఇనుము రాసుకోకుండా కాపాడుతుంది. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఇంగ్లీషులో ఆముదానికున్న పేరు నుంచి పుట్టిందే. ఆ పేరు పెట్టింది 1909లో. వింటేజి కార్లవాళ్లు కొందరు ఇప్పటికీ ఆ నూనే పోస్తారు. మెట్టచేలల్లో పండే ఆముదం గింజకి ఇంత సినిమా గ్లామర్ ఉందని నాకు అంతవరకూ తెలీదు.

అక్కడ 1940ల నాటి ఎంజీ టీసీలు ఉన్నాయి. సన్న సన్న సైకిలు చక్రాల్లాంటి చువ్వల చక్రాలు, 1250 సీసీ ఇంజను. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఇంగ్లండు నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులు ఈ బుల్లి కార్ల మీద మోజుపడబట్టే ఆ దేశంలో స్పోర్ట్స్ కార్ల పిచ్చి పట్టుకుంది. ఆ పక్కన పోర్షేలు, ఆల్ఫా రోమియోలు, ఆస్టిన్ హీలీలు. ఒక్కొక్కటీ వెనకటి తరం హీరోలాగా ఉంది - జుట్టు పలచబడినా ఠీవి తగ్గలేదు.

అక్కడే ఆగిపోయాను...

ఎర్రరంగు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఒకటి బానెట్ ఎత్తి ఉంది. మామూలు కార్లకి మూత మాత్రమే లేస్తుంది. దీనికి మడ్‌గార్డులూ లైట్లతో సహా ముందు భాగం మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకి లేస్తుంది. అలా లేచే కారుని నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మా ఇంటి షెడ్డులో చూస్తున్నాను!

మా నాన్న కారు స్టాండర్డ్ హెరాల్డు. మద్రాసులో 1961 నుంచి తయారైన కారు. ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డుకి మన దేశపు అవతారం. ఇటలీకి చెందిన మికెలోట్టి అనే డిజైనరు గీసిన బొమ్మ. ఆ హెరాల్డు ఛాసిస్‌నే పొట్టిగా కోసి, మళ్లీ ఆ మికెలోట్టి చేతే వేరే ఒళ్లు గీయించి, 1962లో బయటికి తెచ్చిన స్పోర్ట్స్ కారే స్పిట్‌ఫైర్. అంటే నా ముందున్నది మా హెరాల్డుకి సొంత తమ్ముడు! ఒకడు అమెరికాలో పందేలు పరుగెత్తుతున్నాడు, రెండోవాడు చీమకుర్తిలో తుప్పు పట్టి మూల పడున్నాడు.

1970లలో ఒక ఏడు మిరపకాయలకి మంచి ధర పలికినప్పుడు మా నాన్న ఆ కారు సెకండు హ్యాండులో కొన్నాడు. ఒంగోలులో సినిమా చూడ్డానికి అందులోనే పోయేవాళ్లం. చీమకుర్తి నుంచి ఇరవై కిలోమీటర్లు. సెకండు షో వదిలాక వెనకసీట్లో నిద్రపోతూ ఇంటికి రావడం నాకింకా గుర్తు. ఒకే ఒక్కసారి ఆ కారులో మద్రాసు దాకా పోయాం - షోలవరం రేసులు చూడ్డానికి.

మద్రాసు ఇంకా రాకముందే హైవే పక్కన వచ్చే ఊరు షోలవరం. అక్కడ యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే ఉండేది. 1953లో పెట్టిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లు ఫిబ్రవరిలో దాని మీదే పందేలు పెట్టేవారు. ఫియట్లూ, హెరాల్డులూ, బయటి దేశాల పందెం కార్లూ అన్నీ పరుగెత్తేవి. 1990లో క్లబ్బు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు తెరిచింది. షోలవరం వైభవం కథగా మిగిలింది. ఆ రోజు రన్‌వే మీద ఒక హెరాల్డు మా ముందు నుంచి దూసుకుపోతే, నాన్న నా భుజం మీద చరిచి “మన కారేరా!” అని అరిచాడు. ఆయన అలా అరవడం నేను మళ్లీ వినలేదు.

ఇక గుచ్చుకున్న మాట సంగతి. నాన్న పోయాక ఆ కారు షెడ్డులోనే ఉండిపోయింది. గెలాక్సీ గ్రానైటు పుణ్యమా అని మా ఊరు ప్రపంచమంతా తెలిసింది గాని, ఆ రాతిదుమ్ము కారు మీద వేలు మందం పేరుకుపోయింది. షెడ్డు పీకి ఇల్లు పొడిగించాలని మా అన్న. తుక్కు వ్యాపారి దగ్గర అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. సోమవారం పొద్దున బండి తీసుకుపోతారు. నేను అమెరికా విమానం ఎక్కేముందు “నీ ఇష్టం అన్నయ్యా” అనేసి వచ్చాను. ఆ మాటన్నవాణ్ణి, ఇక్కడ దాని తమ్ముడి ముందు నిలబడి ఉన్నాను!

“గాజుపెట్టెలో పెట్టేదానికి కొన్నానా?”

స్పిట్‌ఫైర్ యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. మనవరాలు స్పానర్లు అందిస్తోంది. మా దగ్గర హెరాల్డు ఉందని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే వంగి వెనక చక్రాలు చూపించాడు.

హెరాల్డుకీ, స్పిట్‌ఫైరుకీ ఒక జబ్బుంది. వెనక ఇరుసు మధ్యలో విరిగి, రెండు వైపులా రెక్కల్లా ఊగుతుంది. అడ్డంగా పెట్టిన కమాను పట్టీలు దాన్ని మోస్తాయి. మలుపులో వేగంగా పోతూ భయపడి ఒక్కసారిగా యాక్సిలేటరు వదిలేశామా - వెనక భాగం పైకి లేచి, చక్రం లోపలికి ముడుచుకుని, కారు గిర్రున తిరుగుతుంది. పొడి రోడ్డు మీదే అంత ప్రమాదం. ఇక వానలో?

“ఈ వానలో ఎందుకండీ రిస్కు?” అని అడిగాను.

“వాన కోసం కారు కొనలేదు. అట్లాగని గాజుపెట్టెలో పెట్టేదానికీ కొనలేదు. వద్దనుకున్నవాళ్లు ఆగిపోవచ్చు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. నేను మాత్రం మెల్లగా పోతాను” అన్నాడు. నిజంగానే కొంతమంది తమ కార్లకి టార్పాలిన్లు కప్పి ఊరుకున్నారు. అదీ మర్యాదే.

ఈ పందేల్లో గెలిస్తే డబ్బు సంచులేమీ రావు. పైగా అమెరికా వింటేజి క్లబ్బులు చాలావాటిలో ‘13/13’ అనే నియమం ఉంది. తప్పు తనదై పక్క కారుని గుద్దినవాడు పదమూడు నెలలు ఆటకి దూరం. ఆ తర్వాత ఇంకో పదమూడు నెలలు ఒక కన్నేసి ఉంచుతారు. గెలవడం కన్నా కారుని క్షేమంగా ఇంటికి తీసుకుపోవడం గొప్ప అన్నమాట!

అసలు వాన, అసలు పందెం

ఆదివారం మధ్యాహ్నం ఆయన వంతు వచ్చింది. బావా నేనూ సర్పెంటైన్ మెలికల దగ్గర గడ్డిమోపుల వెనక నిలబడ్డాం. బావ అప్పటికి వాన సంగతే మర్చిపోయాడు.

ఇంజన్ల మోత ముందు వినపడింది, తర్వాత నీళ్ల తుంపర కనపడింది, ఆ తర్వాతే కార్లు! పైకప్పు లేని కార్లు. డ్రైవర్లు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. పొడిగా ఉన్నప్పుడు అందరూ పోయే దారిలో రబ్బరూ నూనే పేరుకుని ఉంటాయి. తడిస్తే అదే సబ్బు. అందుకని తెలివైనవాళ్లు ఆ దారి వదిలి, మలుపు బయటి అంచు పట్టుకుని పోతున్నారు. రోడ్డు మీది తెల్లగీతలూ, మ్యాన్‌హోల్ మూతలూ, రాలిన ఆకులూ - అన్నీ ఉచ్చులే.

మూడో చుట్టులో ఎర్ర స్పిట్‌ఫైర్ మా ముందుకి వచ్చింది. ముందున్న కారు ఏదో తడబడింది. పెద్దాయన కాలు ఒక్క క్షణం యాక్సిలేటరు మీద నుంచి లేచి ఉండాలి... అంతే! వెనకచక్రం ముడుచుకుంది. కారు గిర్రున తిరిగి, గడ్డిమోపుకి వీపు ఆనించి, మా వైపు మొహం పెట్టి ఆగిపోయింది. పచ్చజెండా కాదు, పసుపుజెండా లేచింది. నా గుండె ఆగినంత పనైంది.

ఒక్క నిమిషం నిశ్శబ్దం. తర్వాత ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది, అందుకుంది! ఆయన చెయ్యెత్తి మాకు దణ్ణంలాంటిదేదో పెట్టి, కారు తిప్పుకుని, అందరి వెనకా వెళ్లిపోయాడు. చిట్టచివర వచ్చాడు. గళ్లజెండా దగ్గర మొదటివాడికి ఎంత చప్పట్లు కొట్టారో, ఆఖరివాడికీ అంతే కొట్టారు. మా బావ అయితే విజిలేశాడు - ఫస్టు రోజు ఫస్టు షోలో వేసినట్టు!

తెర మీద వీరులు, తెర వెనక వీరులు

సినిమా పత్రిక చదివే మిత్రులకి ఇక్కడ నాలుగు మాటలు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు.

ఫ్రాంకెన్‌హైమర్ తీసిన ‘గ్రాండ్ ప్రి’ (1966)లో హీరో జేమ్స్ గార్నర్ డూపు లేకుండా తానే కారు తోలాడు. మాజీ ప్రపంచ ఛాంపియన్ ఫిల్ హిల్ కెమెరా బిగించిన కారుని నడిపాడు. ఆ ఏడే బెల్జియంలోని స్పా పందెంలో మొదటి చుట్టులోనే వాన కుమ్మేసింది. జాకీ స్టూవర్ట్ కారు రోడ్డు దాటి పడిపోయి, పెట్రోలు కారుతుంటే ఆయన లోపలే ఇరుక్కుపోయాడు. స్టీరింగు విప్పడానికి స్పానరు లేదు. సాటి డ్రైవర్లే పందెం వదిలి వచ్చి, చూసేవాళ్ల దగ్గర స్పానరు అడిగి తెచ్చి బయటికి లాగారు. అప్పటి నుంచి ఆయన కారులో ఎప్పుడూ ఒక స్పానరు కట్టి ఉంచుకున్నాడు, పందేల్లో భద్రత కోసం పోరాడాడు.

స్టీవ్ మెక్వీన్ 1970 సెబ్రింగ్ 12 గంటల పందెంలో విరిగిన కాలికి కట్టుతో తోలి, పీటర్ రెవ్‌సన్‌తో కలిసి రెండో స్థానం తెచ్చుకున్నాడు. ఆయన ‘లె మాన్’ (1971) షూటింగులో మాత్రం డేవిడ్ పైపర్ అనే డ్రైవరు ప్రమాదం జరిగి కాలు పోగొట్టుకున్నాడు. పాల్ న్యూమన్ సినిమా కోసం కారు తోలడం నేర్చుకుని, 1979లో లె మాన్‌లో ఏకంగా రెండోవాడుగా వచ్చాడు. అప్పటికి ఆయనకి 54 ఏళ్లు!

మన సంగతో? సికింద్రాబాదులో పుట్టి, ‘ప్రేమ పుస్తకం’ (1993)తో తెలుగు తెర మీద కనపడిన అజిత్ జట్టు 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల పందెంలో తన తరగతిలో మూడో స్థానం కొట్టింది. నాగచైతన్య 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టు కొన్నాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. అంటే ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదు!

ఇంతకీ మా హెరాల్డు?

ఆ రాత్రి తొమ్మిదింటికి - అంటే మనకి సోమవారం పొద్దున ఆరున్నర - అన్నకి ఫోన్ చేశాను.

“అన్నయ్యా, కారు ఇవ్వొద్దు.”

“నీకేమన్నా పిచ్చి పట్టిందా? వాడు ఎనిమిదింటికి ట్రాక్టరు తెస్తున్నాడు. అడుగంతా తుప్పు పట్టిపోయిందిరా. ఎవడు చూస్తాడు దాన్ని?”

“నేను చూస్తా.”

“ఇన్నేళ్లు చూడనోడివి ఇప్పుడు చూస్తావా? నాయన ఉన్నప్పుడు ఒక్కసారన్నా దాని బానెట్ ఎత్తావా?”

నిజమే. జవాబు లేదు. షోలవరంలో నాన్న అరిచిన అరుపు గుర్తుందా అని మాత్రం అడిగాను. అటువైపు చాలాసేపు మాటలేదు. “...ఆ రోజు నేను రాలేదురా. పరీక్షలని నన్ను వదిలేసి పోయారు” అన్నాడు. ఇన్నేళ్లుగా ఆ సంగతి నాకు తట్టనే లేదు! అన్న ఫోన్ పెట్టేశాడు.

ఎనిమిదింటికి ట్రాక్టరు వచ్చింది. ఖాళీగా తిరిగిపోయింది. అడ్వాన్సు మీద ఇంకో రెండువేలు వేసి ఇవ్వాల్సి వచ్చిందని, అది నా బాకీ అని వదిన చెప్పింది. ఇల్లు పొడిగించడం ఏడాది వెనక్కి పోయింది. అన్న నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు.

ఒంగోలు మెకానిక్ ఛాసిస్‌కి వెల్డింగు చేశాడు. ఇంజను విప్పి కట్టాడు. నా జేబు బాగానే ఖాళీ అయింది. స్టార్టయిన రోజున మొదట స్టీరింగు ముందు కూర్చుంది నేను కాదు, మా అన్న. కర్నూలు రోడ్డెక్కాక సన్నగా వాన మొదలైంది. వైపరు పనిచెయ్యలేదు. అన్న ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి బయటికి పెట్టి అద్దం తుడుస్తూ తోలాడు.

ముందు మలుపు వచ్చింది. “అన్నయ్యా, యాక్సిలేటరు ఒక్కసారిగా వదలకు!” అన్నాను.

“తెలుసులేవోయ్. నాయన నాకూ చెప్పాడు” అన్నాడు.

మిత్రులారా! మీ ఇంట్లోనూ ఏ షెడ్డు మూలనో నాన్న స్కూటరో, తాత జీపో ఉండే ఉంటుంది. తుక్కువాడికి ఇచ్చేముందు ఒక్కసారి దాని మీది దుమ్ము తుడిచి చూడండి. అప్పటికీ ఇవ్వాలనిపిస్తే ఇచ్చెయ్యండి... నాకు మాత్రం ఫోన్ చెయ్యకండి - మా షెడ్డులో ఇంకో బండికి చోటు లేదు!